నీటి పంపిణీ వ్యవస్థ నమూనా

నీటి పంపిణీ వ్యవస్థ నమూనా అనగా ఒక పట్టణంలోని మంచినీటి ట్యాంకులు, పంపులు, గొట్టాలు, వాల్వులు, నల్లాలను కంప్యూటరులో లెక్కల రూపంలో అమర్చి, ఏ వీధికి ఏ వేళకు ఎంత నీరు ఎంత ఒత్తిడితో చేరుతుందో ముందుగా తెలుసుకొనే పద్ధతి. దీనిని హైడ్రాలిక్ నమూనా అని కూడా అంటారు. పట్టణం పెరిగి కొత్త కాలనీలు వెలసినపుడు వాటిని ఉన్న గొట్టాలకు కలిపితే ఎవరి నల్లాలో నీరు తగ్గుతుంది, ఏ గొట్టాన్ని మార్చాలి, కొత్త ట్యాంకు కట్టవలసి వస్తుందా అనే ప్రశ్నలకు ఈ నమూనా ద్వారా సమాధానం దొరుకుతుంది. ఈ వ్యాసంలో ఈ పద్ధతిని పెద్దపల్లి జిల్లాలోని సుల్తానాబాద్ వంటి ఉత్తర తెలంగాణ చిన్న పట్టణాల పరిస్థితులకు అన్వయించి వివరించడమైనది.

నేపథ్యం

సుల్తానాబాద్ పట్టణం కరీంనగర్, పెద్దపల్లి పట్టణాల మధ్య రాజీవ్ రహదారిపై ఉన్నది. పెద్దపల్లి - నిజామాబాద్ రైలు మార్గంలో ఇక్కడ స్టేషను ఉంది. చుట్టుపక్కల వరి సాగు ఎక్కువ, రైసు మిల్లులకు ఈ ఊరు ప్రసిద్ధి. పూర్వం కరీంనగర్ జిల్లాలో భాగమైన ఈ మండలం 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కొత్తగా ఏర్పడిన పెద్దపల్లి జిల్లాలో చేరింది. గ్రామ పంచాయతీగా ఉన్న సుల్తానాబాద్ 2018లో పురపాలక సంఘంగా మారింది.

పంచాయతీ పురపాలక సంఘంగా మారినపుడు బోర్డు మీద పేరు ఒక్క రోజులో మారుతుంది, భూమిలోని గొట్టాలు మాత్రం మారవు. పంచాయతీ కాలంలో ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు, దాని కింద నుండి బజారు దాకా ఒక లైను, ఆ లైను నుండి వాడవాడకు చీలికలు, ఇలా అవసరమైనపుడల్లా కొంత కొంత వేసుకుంటూ పోవడం ఈ ప్రాంతపు ఊళ్లలో సాధారణం. ఆ తరువాత రహదారికి ఇరువైపులా పొలాలు ప్లాట్లుగా మారి వెంచర్లు వెలుస్తాయి. కొత్త ఇల్లు కట్టుకున్నవారు నల్లా అడుగుతారు. దగ్గరలో ఉన్న లైనుకు ఒక టీ ముక్క బిగించి పొడిగించడం అన్నిటికన్నా చౌకైన పని కాబట్టి అదే జరుగుతుంది. దాని ఫలితం మాత్రం ఆ వెంచరులో కనిపించదు. అదే లైను మీద ఆధారపడిన పాత వాడ చివరి ఇళ్లలో కనిపిస్తుంది.

నీటి మూలాలు

ఈ ప్రాంతంలో ప్రధానమైన తాగునీటి మూలాలు రెండు. మొదటిది మానేరు నదిపై కరీంనగర్ వద్ద నిర్మించిన దిగువ మానేరు జలాశయం. దీని సామర్థ్యం సుమారు 24 టీఎంసీలు. రెండవది గోదావరిపై నిర్మించిన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు, సామర్థ్యం సుమారు 20 టీఎంసీలు. హైదరాబాదు నగరానికి వెళ్లే గోదావరి జలాలను కూడా ఈ ఎల్లంపల్లి నుండే తీసుకుంటారు.

1990ల చివరలో దిగువ మానేరు జలాశయం నుండి సిద్దిపేట ప్రాంత గ్రామాలకు గొట్టాల ద్వారా మంచినీరు అందించే పథకం చేపట్టారు. రాష్ట్రమంతటికీ ఉద్దేశించిన మిషన్ భగీరథకు ఈ పథకమే స్ఫూర్తి అని చెబుతారు. మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న గజ్వేల్ సమీపంలోని కోమటిబండలో ప్రారంభించారు. ఈ పథకంలో ఒక్కో మనిషికి రోజుకు గ్రామాలలో 100 లీటర్లు, పురపాలక సంఘాలలో 135 లీటర్లు, నగరపాలక సంస్థలలో 150 లీటర్లు అందించాలని నిర్ణయించారు.

ఇటువంటి పథకాల వలన ఊరి ట్యాంకు దాకా నీరు చేరే సమస్య చాలావరకు తగ్గుతుంది. ట్యాంకు నుండి నల్లా దాకా ఉన్న దూరం వేరే సమస్య, ఈ వ్యాసం విషయం అదే. ట్యాంకులో నిండా నీరున్నా చివరి ఇంటికి నీరు రాకపోవడం సాధ్యమే. దానికి కారణం నీటి కొరత కాదు, ఒత్తిడి కొరత.

ఒత్తిడి

నీటి సరఫరా లెక్కలలో ఒత్తిడిని మీటర్లలో చెబుతారు. 10 మీటర్ల ఒత్తిడి అంటే గొట్టానికి నిలువుగా ఒక సన్నని గొట్టం తగిలిస్తే నీరు అందులో 10 మీటర్ల ఎత్తు దాకా ఎగబాకుతుందని అర్థం. ఇది చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలోగ్రాముకు సమానం. కేంద్ర ప్రజారోగ్య, పర్యావరణ ఇంజనీరింగ్ సంస్థ 1999లో ప్రచురించిన మార్గదర్శక గ్రంథం ప్రకారం ఇంటి కనెక్షను వద్ద ఒక అంతస్తు ఇళ్లకు 7 మీటర్లు, రెండంతస్తుల ఇళ్లకు 12 మీటర్లు, మూడంతస్తుల ఇళ్లకు 17 మీటర్లు కనీసం మిగలాలి.

ఈ ఒత్తిడి ట్యాంకు ఎత్తు వలన కలుగుతుంది. నీరు గొట్టంలో ప్రవహించే కొద్దీ రాపిడి వలన అది తరిగిపోతుంది. తరుగుదల గొట్టం పొడవుకు అనులోమంగా ఉంటుంది. ప్రవాహం విషయంలో అలా కాదు. ప్రవాహం రెట్టింపయితే తరుగుదల రెట్టింపు కాదు, సుమారు మూడున్నర రెట్లు అవుతుంది. గొట్టం వ్యాసం ప్రభావం ఇంకా ఎక్కువ. 100 మిల్లీమీటర్ల గొట్టం స్థానంలో 150 మిల్లీమీటర్ల గొట్టం వేస్తే అదే ప్రవాహానికి తరుగుదల సుమారు ఏడో వంతుకు పడిపోతుంది. కొత్త కాలనీలను పాత సన్నని లైనుకు కలిపినపుడు జరిగే నష్టం ఊహకు అందకపోవడానికి ఈ రెండు సంగతులే కారణం.

లెక్కించే విధానం, చరిత్ర

రాపిడి నష్టాన్ని లెక్కించడానికి మన దేశంలో ఎక్కువగా వాడేది హేజెన్ - విలియమ్స్ సూత్రం. 20వ శతాబ్దపు తొలినాళ్లలో అమెరికా ఇంజనీర్లు అలెన్ హేజెన్, గార్డ్‌నర్ విలియమ్స్ దీనిని రూపొందించారు. ఇందులో గొట్టం లోపలి నునుపును ఒక అంకెతో సూచిస్తారు. కొత్త ప్లాస్టిక్ గొట్టానికి ఈ అంకె 140 నుండి 150 దాకా ఉంటుంది. లోపల తుప్పు గడ్డలు కట్టిన పాత బీడు గొట్టానికి 100గానీ అంతకంటే తక్కువగానీ ఉంటుంది.

ఒకే గొట్టమైతే లెక్క సులువు. కానీ పట్టణంలో గొట్టాలు వలలాగా అల్లుకొని ఉంటాయి, ఒక కూడలికి నీరు రెండు మూడు దారులలో వస్తుంది. ఏ దారిలో ఎంత వస్తుందో విడిగా చెప్పలేము, అన్నీ ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయ ఆచార్యుడు హార్డీ క్రాస్ 1936లో దీనికి ఒక ఉపాయం చెప్పాడు. ముందు ప్రవాహాలను ఉజ్జాయింపుగా అనుకొని, ప్రతి చుట్టులోనూ నష్టాల మొత్తం సున్నా అయ్యేదాకా మళ్లీ మళ్లీ సవరిస్తూ పోవడమే ఆ ఉపాయం. కాగితం మీద చేయగలిగిన పద్ధతి కావడంతో కంప్యూటర్లు రాకముందు కొన్ని దశాబ్దాల పాటు ఇంజనీర్లు దీనితోనే పనిచేశారు. ఇంజనీరింగు విద్యార్థులకు ఇప్పటికీ ఇది పాఠ్యాంశమే.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1993లో ఈపానెట్ అనే సాఫ్ట్‌వేరును విడుదల చేసింది. లూయిస్ రాస్‌మన్ రూపొందించిన ఈ సాఫ్ట్‌వేరు ఉచితం. దీని రెండవ కూర్పు 2000లో వచ్చింది. విద్యార్థులు తమ సొంత కంప్యూటరులో దీనిని పెట్టుకొని తమ ఊరి గొట్టాల నమూనాను తయారు చేసుకోవచ్చు. గ్రామీణ పథకాలలో ఏ గొట్టం ఎంత వ్యాసంతో వేస్తే ఖర్చు తక్కువవుతుందో తేల్చే జల్‌తంత్ర అనే సాఫ్ట్‌వేరు బొంబాయి ఐఐటీలో తయారయింది.

ఒక ఉదాహరణ

ఈ కింది లెక్క ఊహాత్మకమైనది, సుల్తానాబాద్‌లోని ఏ ఒక్క వీధికీ సంబంధించినది కాదు. సూత్రం మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఒక ట్యాంకు అడుగు భాగం వాడ చివరి నేలకంటే 15 మీటర్ల ఎత్తులో ఉందనుకొందాం. అక్కడి నుండి 100 మిల్లీమీటర్ల పాత బీడు గొట్టం 800 మీటర్ల పొడవున పోయి 200 ఇళ్లకు నీరిస్తుంది. లెక్క సులువు కావడానికి ఇళ్లన్నీ గొట్టం చివరనే ఉన్నాయని తీసుకొందాం. ఇంటికి అయిదుగురు చొప్పున 1,000 మంది, మనిషికి 135 లీటర్లు, మొత్తం రోజుకు 1,35,000 లీటర్లు. 24 గంటలకు సర్దితే సెకనుకు 1.56 లీటర్లు. అయితే పొద్దున్నే అందరూ ఒకేసారి నల్లా తిప్పుతారు. అందువలన 50,000 లోపు జనాభా గల ఊళ్లకు సగటుకు మూడు రెట్లు తీసుకోవాలని 1999 గ్రంథం చెబుతుంది. ఆ ప్రకారం సెకనుకు సుమారు 4.7 లీటర్లు. ఈ ప్రవాహానికి రాపిడి నష్టం 6 మీటర్లు. చివర మిగిలేది 9 మీటర్లు. ఒక అంతస్తు ఇళ్లకు ఇది చాలు.

ఇప్పుడు ఆ లైను కొసకు ఒక వెంచరును కలిపి మరో 100 ఇళ్లకు నల్లాలు ఇచ్చారనుకొందాం. ఇళ్లు ఒకటిన్నర రెట్లయ్యాయి, నష్టం మాత్రం 6 నుండి దాదాపు 13 మీటర్లకు పెరుగుతుంది. చివర మిగిలేది 2 మీటర్లు. ట్యాంకు అదే, నీరు కూడా కావలసినంత ఉంది, అయినా పాత 200 ఇళ్లలో ఎవరికీ సరిగా నీరు రాదు. ఇదే గొట్టాన్ని 150 మిల్లీమీటర్లకు మార్చితే నష్టం 2 మీటర్ల లోపుకు దిగి 300 ఇళ్లకూ 13 మీటర్ల ఒత్తిడి అందుతుంది. ఎత్తైన కొత్త ట్యాంకు కట్టడం కంటే కొన్ని వందల మీటర్ల గొట్టం మార్చడం ఎంత మేలో ఈ ఉదాహరణలో చూడవచ్చు. అయితే ఏ కొన్ని వందల మీటర్లు అన్నది నిజమైన పట్టణంలో కంటికి కనబడదు. నమూనా అవసరం అక్కడే ఏర్పడుతుంది.

దీనికి నేల ఎత్తుపల్లాలు తోడవుతాయి. తెలంగాణ పల్లెలలో పాత ఊరు సాధారణంగా కాస్త ఎత్తైన గడ్డ మీద, వరి మళ్లు చెరువు కింద పల్లంలో ఉంటాయి. మళ్లలో వేసిన వెంచర్లు పాత ఊరికంటే నాలుగైదు మీటర్లు దిగువన ఉంటే ఆ మేరకు వాటికి ఒత్తిడి ఎక్కువ, నీరు ముందుగా అటే పరుగెడుతుంది. పాత ఊరి గడ్డ మీది వాడ చివరికి మిగులుతుంది. కొత్త ఇళ్లవారు ఎక్కువ వాడుకుంటున్నారని పాత ఊరివారు నిందిస్తుంటారు గానీ ఇందులో మనుషుల తప్పు తక్కువ, నేల వాలు పాత్రే ఎక్కువ.

గంటల లెక్కన సరఫరా

పై లెక్కలో నీరు రోజంతా గొట్టంలో ఉంటుందని అనుకున్నాము. మన పట్టణాలలో చాలావరకు నల్లా నీరు రోజుకు గంటో రెండు గంటలో వస్తుంది, కొన్ని చోట్ల రోజు విడిచి రోజు వస్తుంది. దీనివలన లెక్క పూర్తిగా మారిపోతుంది.

అదే 200 ఇళ్ల ఉదాహరణలో రోజు మొత్తానికి కావలసిన 1,35,000 లీటర్లను 2 గంటలలో పంపాలంటే సెకనుకు 18.75 లీటర్లు పారాలి. ఇది సగటుకు మూడు రెట్లు కాదు, పన్నెండు రెట్లు. ఆ ప్రవాహానికి రాపిడి నష్టం దాదాపు 79 మీటర్లు, ట్యాంకు ఎత్తు చూస్తే 15 మీటర్లు. అంటే అది అసాధ్యం. చివరన ఒత్తిడి సున్నాకు పడిపోయినా ఆ గొట్టంలో సెకనుకు 7.6 లీటర్లకు మించి రావు. రెండు గంటలలో వచ్చేది సుమారు 55,000 లీటర్లు, అనగా అవసరంలో అయిదింట రెండు వంతులు మాత్రమే. ఆ కొద్ది నీరు కూడా అందరికీ సమానంగా రాదు. ట్యాంకుకు దగ్గరగా ఉన్న ఇళ్ల సంపులు ముందు నిండుతాయి. అవి నిండాక గానీ కొసకు నీరు సాగదు, ఈలోగా వాల్వు మూసే సమయం అవుతుంది.

కొసన ఉన్నవారు చేసేది నల్లాకు మోటారు బిగించడం. ఒకరు బిగిస్తే పక్కవారికి రాదు కనుక వారూ బిగిస్తారు. మోటార్లు లాగినపుడు గొట్టంలో ఒత్తిడి వాతావరణ పీడనం కంటే తగ్గి, పగుళ్లున్న చోట బయటి మురుగును లోపలికి పీల్చుకుంటుంది. వానాకాలంలో వాంతులు, విరేచనాల కేసులకు తాగునీటి గొట్టాలతో ఉన్న సంబంధాలలో ఇది ఒకటి. నల్లాకు మోటారు బిగించడాన్ని ఒక చిన్న నేరంగా చూసి మోటార్లు జప్తు చేయడం తరచూ జరిగే పని. కానీ గొట్టంలో ఒత్తిడి లేనంత కాలం మోటార్లు తిరిగి వస్తూనే ఉంటాయి.

మామూలు హైడ్రాలిక్ సాఫ్ట్‌వేర్లు గొట్టాలు ఎల్లప్పుడూ నిండి ఉంటాయని, అడిగినంత నీరు వస్తుందని అనుకొని లెక్క కడతాయి. అలా కడితే కొన్ని కూడళ్లలో ఒత్తిడి ‘ఋణ’ సంఖ్యగా వస్తుంది. నిజంగా అక్కడ జరిగేది నీరు తగ్గడమో రాకపోవడమో. ఒత్తిడిని బట్టి వచ్చే నీరు మారేటట్లు లెక్కించే సౌకర్యం ఈపానెట్‌లో 2020లో విడుదలైన 2.2 కూర్పుతో చేరింది. మన పట్టణాలకు నమూనా చేసేవారు ఇళ్లను నల్లాలుగా కాక నిండవలసిన చిన్న చిన్న ట్యాంకులుగా చూపడం మరొక పద్ధతి. ఇది వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

కొత్త కాలనీల అవసరాన్ని అంచనా వేయడం

ఒక వెంచరుకు ఎంత నీరు కావాలన్నది ప్లాట్ల సంఖ్యతో మొదలవుతుంది. పది ఎకరాల వెంచరు అంటే 48,400 చదరపు గజాలు. రోడ్లకు, ఖాళీ స్థలానికి పోగా సగానికి కొంచెం ఎక్కువ ప్లాట్లకు మిగులుతుంది. 200 గజాల చొప్పున సుమారు 135 ప్లాట్లు అవుతాయి. కింద ఒక కుటుంబం, పైన అద్దెకు ఒక కుటుంబం అనుకుంటే ప్లాటుకు పదిమంది. మొత్తం 1,350 మందికి రోజుకు సుమారు 1,82,000 లీటర్లు కావాలి. ప్లాటుకు ఒకే ఇల్లు అనుకొని గొట్టం వేసినవారు పై అంతస్తు లేవగానే ఇబ్బందిలో పడతారు.

ప్లాట్లన్నీ ఒకేసారి ఇళ్లు కావన్నది రెండవ చిక్కు. పెట్టుబడి కోసం కొన్నవే ఎక్కువ, కొన్ని వెంచర్లలో ఏళ్లు గడిచినా పదిళ్లు కూడా ఉండవు. గొట్టాలను 30 ఏళ్ల అవసరానికి సరిపడేలా వేయాలన్నది నియమం. అలా వేస్తే మొదటి సంవత్సరాలలో గొట్టం అవసరానికి మించి పెద్దదవుతుంది. ఒక కిలోమీటరు పొడవు గల 150 మిల్లీమీటర్ల గొట్టంలో 17,000 లీటర్లకు పైగా నీరు పడుతుంది. పది ఇళ్లకు రోజుకు 6,750 లీటర్లు చాలు. కాబట్టి ఆ నీరు రెండున్నర రోజులకు పైగా గొట్టంలోనే నిలుస్తుంది. నిలిచిన కొద్దీ క్లోరిన్ తరిగిపోతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం వాడకందారు వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. నీటి వయస్సును, క్లోరిన్ తరుగుదలను కూడా నమూనాలో లెక్కించవచ్చు. కొసలు మూసుకుపోయిన లైన్లను ఒకదానితో ఒకటి కలిపి చుట్టులుగా చేయడం, కొసలలో అప్పుడప్పుడు నీరు వదిలే వాల్వులు పెట్టడం దీనికి వాడుకలో ఉన్న విరుగుళ్లు.

ఖర్చు ఎవరిదన్నది మూడవ చిక్కు, బహుశా అన్నిటికన్నా పెద్దది. అనుమతి పొందిన లేఅవుట్లలో లోపలి రోడ్లు, కాలువలు, నీటి గొట్టాలు వేయవలసినది లేఅవుట్ వేసినవారే. కానీ పై ఉదాహరణలో చూసినట్లు ఇరుకు సాధారణంగా వెంచరు లోపల ఉండదు, ట్యాంకు నుండి వెంచరు దాకా పాత ఊరి మధ్యగా వచ్చే గొట్టంలో ఉంటుంది. అనుమతి లేని వెంచర్లలోనైతే లోపలి గొట్టాలే ఉండవు. అనుమతి ఇచ్చే ముందే ఆ వెంచరును పట్టణపు నమూనాలో చేర్చి చూస్తే బయటి గొట్టానికి ఎంత ఖర్చవుతుందో తెలుస్తుంది, దానిని ఎవరు భరించాలో అప్పుడే తేల్చవచ్చు. ఇళ్లు లేచాక తేలే ఖర్చు పురపాలక సంఘం మీదనే పడుతుంది, పాత వాడలవారు కట్టిన నల్లా పన్నుతో సహా.

సమాచార సేకరణ

నమూనా తయారీలో ఎక్కువ కాలం పట్టేది కంప్యూటరు పని కాదు, గొట్టాలు ఎక్కడున్నాయో తెలుసుకోవడం. పంచాయతీ కాలంలో వేసిన లైన్లకు చాలాచోట్ల పటాలు ఉండవు. ఏ సందులో ఏ వాల్వు ఉందో, అది ఎన్ని చుట్లు తిప్పితే ఏ వాడకు నీరు పోతుందో వాల్వు తిప్పే సిబ్బందికే తెలుసు. కాబట్టి వారితో కలిసి వీధి వీధి తిరిగి గుర్తు పెట్టుకోవడం, అనుమానం ఉన్న చోట గుంత తవ్వి గొట్టం వ్యాసం, రకం చూడడం తప్పనిసరి. ఆ తరువాత కూడళ్ల నేల ఎత్తులను కొలవాలి. రెండు మీటర్ల ఒత్తిడి కోసం వెదుకుతున్నపుడు ఉపగ్రహ చిత్రాల నుండి తీసిన ఎత్తులు సరిపోవు, నేల మీద లెవెలింగు చేయవలసిందే.

నమూనా సిద్ధమయ్యాక కొన్ని నల్లాల వద్ద ఒత్తిడి గేజీలు బిగించి, ట్యాంకులో నీటి మట్టం గంట గంటకూ ఎలా తగ్గుతుందో చూసి, లెక్కతో పోల్చుతారు. రెండూ కలవని చోట సాధారణంగా ఏదో ఒకటి బయటపడుతుంది. సగం మూసి మరచిన వాల్వు, తుప్పుతో పూడుకుపోయిన గొట్టం, అనుమతి లేని కనెక్షను, లేదా భూమిలోకి ఇంకిపోతున్న లీకేజీ. పటంలో లేని ఇటువంటివి కనిపెట్టడానికే నమూనా చేసినా దండగ కాదు. ఈ సరిపోల్చడం జరగని నమూనా చూడడానికి రంగురంగులుగా ఉంటుంది గానీ దానిని నమ్మి గొట్టాలు కొనరాదు.

24 గంటల సరఫరా

గొట్టాలలో ఎల్లవేళలా ఒత్తిడి ఉంటే పై సమస్యలలో చాలా వాటికి పరిష్కారం దొరుకుతుంది. కర్ణాటకలోని హుబ్బళ్లి - ధార్వాడ, బెళగావి, కలబురగి నగరాలలో కొన్ని వార్డులను ఎంచుకొని 2008 నాటికి 24 గంటల సరఫరా చేసి చూపారు. ఒడిశాలోని పూరీ పట్టణంలో 2021 జూలైలో నల్లా నుండి నేరుగా తాగగల నీటి సరఫరా ప్రారంభమైంది. ఆ తరువాత 2024లో వెలువడిన కేంద్ర మార్గదర్శక గ్రంథం కూడా నిరంతర సరఫరానే లక్ష్యంగా తీసుకున్నది. ఇందులో పట్టణాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కో భాగానికి నీరు వెళ్లే చోట మీటరు పెట్టి, లోపల ఎంత వాడుకున్నారో, ఎంత కారిపోయిందో లెక్కిస్తారు. ఆ సరిహద్దులు ఎక్కడ గీయాలో తేల్చేది నమూనాయే.

సుల్తానాబాద్‌కు దగ్గరలోని ఉదాహరణ కరీంనగర్. ఇక్కడ 2020 జూలైలో ప్రతిరోజూ నీటి సరఫరాను ప్రారంభించారు. స్మార్ట్ సిటీ పథకంలో భాగంగా 2025 జనవరిలో హౌసింగ్ బోర్డు కాలనీలో 24 గంటల సరఫరా మొదలైంది. నగరమంతటా ఒకేసారి కాక ఒక కాలనీతో మొదలుపెట్టడం గమనించదగినది. ఆ కాలనీకి వెళ్లే నీటిని మిగతా నగరం నుండి వేరు చేయగలిగితేనే అది నిలుస్తుంది.

చిన్న పట్టణాలకు 2021 అక్టోబరులో మొదలైన అమృత్ రెండవ దశ పథకం వర్తిస్తుంది. మొదటి దశ కొన్ని వందల నగరాలకే పరిమితం కాగా రెండవ దశలో చట్టబద్ధంగా ఏర్పడిన పట్టణాలన్నిటినీ చేర్చారు. కాబట్టి 2018 తరువాత పురపాలక సంఘాలైన ఊళ్లు కూడా ఇందులోకి వస్తాయి. సుల్తానాబాద్ పరిమాణంలోని పట్టణానికి నమూనాలో కొన్ని వందల కూడళ్లకు మించి ఉండవు, సాధారణ కంప్యూటరు దానిని క్షణాలలో లెక్కిస్తుంది. ఆ కూడళ్లను కొలిచి రాయడానికి పట్టేది మాత్రం కొన్ని నెలలు. ఆ తరువాత ప్రతి కొత్త నల్లాను, ప్రతి మార్చిన గొట్టాన్ని అందులో నమోదు చేస్తూ పోవాలి, లేనిచో రెండు మూడేళ్లలోనే నమూనా ఒక ఊరిది, గొట్టాలు మరొక ఊరివి అన్నట్లు తయారవుతుంది.